శని, ఆదివారాలు సెలవు

మా వంటింటి గోడకి ఒక క్యాలెండరు ఉంది. పాలబ్బాయి ఏ రోజు ఎన్ని పాకెట్లు వేశాడో, పనిమనిషి ఎన్ని నాగాలు పెట్టిందో, గ్యాసుబండ ఎప్పుడొచ్చిందో అన్నీ దానిమీదే రాస్తాను. అరలీటరు పాల దగ్గర తేడా వస్తే ఊరుకునే మనిషిని కాను. అంతటి లెక్కలమనిషిని, మా అత్తగారి నోట్లో వేసే మాత్రకి మాత్రం లెక్క రాసుకోలేదు. ఆ సంగతి చెప్పటానికే ఇవాళ కలం పట్టుకున్నాను. నవలలు రాసే ఆవిడ కదా, కల్పించిందేమో అనుకోకండి. నా నవలల్లో చాలామందికి గుండెజబ్బులు తెప్పించాను. కథ ఎటూ సాగకపోతే కథానాయిక తండ్రికి గుండెపోటు రప్పించటం నాకు వెన్నతో పెట్టిన విద్య. కానీ గుండెకి వేసే మందు గురించి నాకు తెలిసింది గుండుసున్న.

మా అత్తగారికి డెబ్భై ఎనిమిదేళ్ళు. మూడేళ్ళుగా ఆవిడ గుండె లయ తప్పి కొట్టుకుంటోంది. డాక్టరుగారు మిగతా మందులతోపాటు డిగాక్సిన్ అని బొట్టుబిళ్ళంత తెల్లమాత్ర ఒకటి రాసి, "రోజుకొకటి, శని ఆదివారాలు సెలవు" అన్నారు. మాత్రకి సెలవేమిటని ఇంటికొచ్చాక అందరం నవ్వుకున్నాం. అత్తగారైతే, "బ్యాంకు ఉద్యోగం కాబోలు" అన్నారు.

ఆ మధ్య రాజమండ్రిలో పెళ్ళికని వెళ్ళి పది రోజులు ఉండిపోయాను. అన్నాళ్ళూ మందులు మావారే చూశారు. పొద్దున్నే ఆరింటికి తల్లికి కాఫీ ఇస్తూ గుండెమాత్ర వేసేవారు. సెలవుల సంగతి ఆయనకి చెప్పటం మరిచాను. శుక్రవారం రాత్రి ఊరినించి వచ్చాను. మర్నాటినించి తొమ్మిదింటికి, టిఫిన్ అయ్యాక, ఎప్పటిలాగే మందుల డబ్బా నా చేతిలోకి వచ్చింది. ఆయనకి పడిన అలవాటు ఆయన మానలేదు. ఆయన వేస్తున్నట్టు నాకు తెలీదు, నేను వేస్తున్నట్టు ఆయనకి తెలీదు. ఒకే ఇంట్లో ఇరవై ఏళ్ళు కాపురం చేసిన వాళ్ళం!

సోమవారం నేను మాత్ర చేతిలో పెడుతుంటే అత్తగారు, "పొద్దున వాడు ఒకటి వేశాడే అమ్మాయ్" అన్నారు. "అది వేరండీ, ఇది వేరు" అన్నాను. చూసి అనలేదు. పొయ్యిమీద పప్పు మాడుతోందన్న కంగారులో అనేశాను. ఆవిడ మారుమాట్లాడకుండా మింగారు.

బుధవారానికల్లా అన్నం సయించటం లేదన్నారు. ఎండలని సరిపెట్టుకున్నాను. గురువారం సాయంత్రం దేవుడి దగ్గర దీపం పెట్టి, "దీపం చుట్టూ పచ్చగా అలుక్కుపోయినట్టుందే" అన్నారు. శుక్లం ముదిరిందేమో, వచ్చేవారం కంటి డాక్టరు దగ్గరికి వెళదాం లెండి అన్నాను. పెద్దవాళ్ళు చెప్పుకునే బాధలన్నిటికీ మన దగ్గర ఒక 'వచ్చేవారం' సిద్ధంగా ఉంటుంది కదూ!

శుక్రవారం రాత్రి మా అక్కకూతురు వచ్చింది. నర్సింగు రెండో సంవత్సరం. సోమవారం ఫార్మకాలజీ పరీక్ష. "పిన్నీ, నువ్వు పుస్తకం పట్టుకుని ప్రశ్నలడుగు, నేను చెబుతాను" అంది. సరేనని కూర్చున్నాను. ఆ పుస్తకంలో పేర్లు చదవటానికే నాలుక నాలుగు మెలికలు తిరిగింది. పేజీ తిప్పితే డిగాక్సిన్ కనిపించింది. తెలిసినవాళ్ళు ఎదురైనట్టు సంబరపడి అడిగాను: ఇది ఇచ్చేముందు నర్సు ఏం చెయ్యాలి?

కళ్ళు మూసుకుని అప్పజెప్పింది. "గుండె దగ్గర స్టెతస్కోపు పెట్టి ఒక పూర్తి నిమిషం లెక్కపెట్టాలి. అరవైకి తగ్గితే మందు ఆపి డాక్టరుకి చెప్పాలి. మోతాదు ఎక్కువైతే ఆకలి చచ్చిపోతుంది. వికారం, వాంతులు, నీరసం. చూపు మసకేస్తుంది. వస్తువులు పసుపుగానో ఆకుపచ్చగానో కనిపిస్తాయి. దీపాల చుట్టూ వలయాలు..."

నా చేతిలో పుస్తకం అలాగే ఉండిపోయింది. తెలుగులో పచ్చ అంటే పసుపూ అవుతుంది, ఆకుపచ్చా అవుతుంది. అత్తగారు ఏ పచ్చ అన్నారో నేను అడగనైనా లేదు.

పిల్ల సంచీలోంచి స్టెతస్కోపు తీసింది. నేను మణికట్టు పట్టుకోబోతే, "అక్కడ కాదు పిన్నీ, లయ తప్పిన గుండెకి కొన్ని దెబ్బలు మణికట్టుదాకా రావు" అంది. మామ్మగారి పక్కన కూర్చుని చేతి గడియారం చూస్తూ లెక్కపెట్టింది. ఆ నిమిషం ఎంత పొడుగో నాకు తెలుసు. నలభై నాలుగు.

ఆటోలో ఆస్పత్రికి పరిగెత్తాం. నాలుగు రోజులు ఉంచారు. మందు ఆపేసి, గుండె నడకని యంత్రంమీద కనిపెట్టి చూస్తూ, రక్తంలో పొటాషియం ఎంతుందో, డిగాక్సిన్ ఎంతుందో పరీక్షలు చేశారు. అక్కడ బెంచీమీద కూర్చుని వేళ్ళు మడిచి లెక్కేశాను. ఆ ఏడు రోజుల్లో అత్తగారికి పడవలసినవి అయిదు మాత్రలు. ఆయన రోజూ వేసినవి ఏడు, సెలవులు పాటించి నేను వేసినవి అయిదు. మొత్తం పన్నెండు.

ఆవిడ క్షేమంగా ఇంటికి వచ్చారు. నాకు మాత్రం ఆ మాత్రమీద గుబులు పోలేదు. ఇంతకీ ఇదెక్కడినించి వచ్చింది, ఎవరు కనిపెట్టారు, ఎవరు కొలిచారు అని పుస్తకాలు తిరగేశాను. బి.ఏ. చదువుకున్న నాకు రసాయనాలు ఎక్కవు. చరిత్ర ఎక్కుతుంది.

మొదట మన మాటే చూడండి. మాత్ర అంటే సంస్కృతంలో కొలత. ఛందస్సులో మాత్రలు లెక్కపెట్టేది అందుకే. 'అంత మాత్రమే' అనటం అందుకే. మింగే బిళ్ళకి కొలత అని పేరు పెట్టుకున్న జాతి మనది. మా అమ్మమ్మకి గ్రాములు తెలీవు కానీ సానరాయి మీద వసకొమ్ము ఒక్క చుట్టు, కరక్కాయ రెండు చుట్లు అని లెక్క తెలుసు. పిల్లవాడు నెలలవాడా, ఏడాదివాడా అన్నదాన్ని బట్టి చుట్లు మారేవి. తేనెతోనా, తల్లిపాలతోనా అన్నది అనుపానం. ఉగ్గుగిన్నెలో కలిపి పోసేది. మోతాదు, వయసు, ఏ దారిన ఇవ్వాలి, దేనితో ఇవ్వాలి... మా అక్కకూతురు పుస్తకంలో నాలుగు అధ్యాయాలు ఆ సానరాయి చుట్టూనే ఉన్నాయి. నా చిన్నప్పుడు మా ఊరి ఆస్పత్రిలో కాంపౌండరు మిక్చరు సీసాకి ఒక కాగితంముక్కని గాట్లు పెట్టి అతికించి ఇచ్చేవాడు. పూటకొక గాటు. చదువురానివాళ్ళు కూడా ఆ గాటు దాటి పొయ్యకుండా తాగేవారు. ఆ కాగితంముక్క ఎంత గొప్పదో నాకు ఇప్పుడు తెలిసొచ్చింది.

ఇక డిగాక్సిన్ సంగతి. దీని పుట్టిల్లు ఇంగ్లండు. అక్కడ పొదల పక్కన, అడవి అంచుల్లో ఫాక్స్‌గ్లవ్ అనే మొక్క పెరుగుతుంది. నిలువెత్తు కాడకి ఊదారంగు పూలు గుత్తులుగా వేలాడతాయి. ఒక్కొక్క పువ్వూ దర్జీవాళ్ళు వేలికి తొడుక్కునే టోపీలా ఉంటుంది. అందుకే 1542లో ఫుక్స్ అనే జర్మను వైద్యుడు లాటిన్‌లో వేలికి సంబంధించిన మాట తీసుకుని డిజిటాలిస్ అని పేరు పెట్టాడు. విషపుమొక్క అని అందరికీ తెలుసు.

1775లో ష్రాప్‌షైర్ ప్రాంతంలో ఒక ముసలావిడ ఉండేది. ఒంటికి నీరుపట్టి, కాళ్ళు ఉబ్బి, పడుకుంటే ఊపిరాడని జబ్బుకి ఆవిడ ఇంట్లో తరతరాలుగా ఒక మందు ఉంది. ఇరవై, ఇంకా ఎక్కువే, మూలికలు కలిపి చేసేది. పెద్ద వైద్యులు చేతులెత్తేసిన వాళ్ళకి కూడా ఒక్కోసారి ఆవిడ మందుతో నయమయ్యేది. రహస్యం మాత్రం ఎవరికీ చెప్పేది కాదు. ఆ మందు వివరం విలియం విదరింగ్ అనే డాక్టరు చెవిన పడింది. ఆయనది ఆ ప్రాంతమే. అప్పటికి ముప్ఫై నాలుగేళ్ళు. బర్మింగ్‌హాంలో వైద్యం చేస్తున్నాడు.

ఈయనగారి కథలో మనకి ఇష్టమైన ముక్క ఒకటుంది. చదువుకునే రోజుల్లో విదరింగ్‌కి వృక్షశాస్త్రం అంటే గిట్టేది కాదు. తర్వాత హెలెనా కుక్స్ అనే అమ్మాయికి వైద్యం చేశాడు. ఆమెకి పూలబొమ్మలు వెయ్యటం సరదా. ఆమె వెయ్యటానికి మొక్కలు ఏరుకొచ్చి ఇవ్వటంతో మొదలుపెట్టి, ఆమెని 1772లో పెళ్ళాడి, 1776లో ఇంగ్లండు మొక్కలమీద పెద్ద గ్రంథమే రాశాడు. ఆ ముసలావిడ ఇరవై మూలికల జాబితా చూడగానే, ఇందులో పనిచేసేది ఫాక్స్‌గ్లవ్ ఒక్కటే, తక్కినవన్నీ ఊరికే ఉన్నాయని పోల్చుకోగలిగాడంటే దాని వెనక ఒక బొమ్మలపెట్టె ఉందన్నమాట.

పోల్చుకోవటం ఒక్క క్షణం పని. కొలవటానికి పదేళ్ళు పట్టింది. ఈ పదేళ్ళకే నేను ఆయనకి నమస్కారం పెడతాను. ముసలావిడ మందు తిన్నవాళ్ళకి భయంకరంగా వాంతులు, విరేచనాలు అయ్యేవి. నయమైతే వాంతులవల్లే అయిందని అందరూ అనుకునేవారు. విదరింగ్ ఉచితంగా చూసే బీదరోగులకి కొద్దికొద్దిగా ఇచ్చి చూశాడు. (బీదవాళ్ళ మీదే ఎందుకు అని మనకి ఇప్పుడు అనిపిస్తుంది. అప్పుడు అడిగినవాళ్ళు లేరు.) మొదట్లో ఆయన కూడా ఎక్కువ ఇచ్చి బాధపెట్టాడు. ఆకు కాచి ఇస్తే ఒకరోజు ఒకలా, ఇంకోరోజు ఇంకోలా పనిచేస్తోంది. వేరైతే మరీ నమ్మకం లేదు. కాలాన్నిబట్టి ఆకు బలం మారుతోంది. అందుకని మొక్క పూతకొచ్చే వేళకే ఆకు కోసి, ఎండబెట్టి, పొడిచేసి, గోధుమగింజ బరువుల్లో తూచి ఇవ్వటం మొదలుపెట్టాడు. పెద్దవాళ్ళకి పూటకి ఒకటి నుంచి మూడు గ్రెయిన్లు, రోజుకి రెండు పూటలు. గ్రెయిన్ అంటే సుమారు అరవై అయిదు మిల్లీగ్రాములు.

1785లో అచ్చువేసిన పుస్తకంలో 150 మందికి పైగా రోగుల సంగతులు రాశాడు. బతికినవాళ్ళ సంగతులే కాదు, పోయినవాళ్ళవి, పనిచెయ్యనివీ, తన తప్పువల్ల బాధపడ్డవాళ్ళవీ అన్నీ. మంచివి మాత్రమే ఏరి వేసుకుంటే తనకి పేరు వచ్చేదని ఆయనకి తెలుసు. మోతాదు ఎక్కువైతే ఏమవుతుందో కూడా రాశాడు. వికారం, వాంతి, కళ్ళు తిరగటం, వస్తువులు పచ్చగా, పసుపుగా కనిపించటం, నాడి నిమిషానికి ముప్ఫై అయిదుకి పడిపోవటం, చల్లటి చెమటలు, ఆపైన మరణం. ఆ వరస చదువుతుంటే నాకు ఒళ్ళు జలదరించింది. మా దేవుడిగదిలో అత్తగారు అన్నమాటే 1785లో అచ్చయి ఉంది. నేను మాత్రం కంటి డాక్టరు అన్నాను.

మందు ఎప్పుడు ఆపాలో కూడా ఆయన తేల్చాడు. మూత్రం జారీ అయినా, కడుపులో తిప్పినా, నాడి నెమ్మదించినా, విరేచనం పట్టినా, ఈ నాలుగింట్లో ఏ ఒక్కటి ముందు కనిపించినా అక్కడితో ఆపమన్నాడు. గుండె నడకమీద ఈ ఆకుకి వింతైన పట్టు ఉందని గమనించాడు గానీ, నీరు పట్టటానికి మూలం గుండె నీరసమేనన్న ముడి ఆయనకి పూర్తిగా విడలేదు. ఆయన మిత్రబృందంలోవాడే ఎరాస్మస్ డార్విన్, మనం చదువుకున్న ఛార్లెస్ డార్విన్‌కి తాతగారు, 1780లోనే చనిపోయిన కొడుకు రాసిన వ్యాసంతో కలిపి ఈ ఆకు సంగతులు అచ్చువేసి, విదరింగ్ పేరు ఎత్తలేదు. పేర్ల దగ్గర మహానుభావులు కూడా మనలాంటివాళ్ళే.

పేర్లంటే గుర్తొచ్చింది. ఆ ముసలావిడ పేరు మదర్ హటన్ అని చాలాచోట్ల చదువుతాం. అది ఆవిడ పేరు కాదు. 1928లో పార్క్ డేవిస్ అనే అమెరికా మందుల కంపెనీ తన ప్రకటనకోసం ఆవిడా డాక్టరూ ఎదురుపడినట్టు బొమ్మ వేయించి ఆ పేరు పెట్టింది. ప్రకటన చరిత్ర అయిపోయింది. విదరింగ్ తన పుస్తకంలో ఆవిడ పేరు రాయలేదు.

విదరింగ్ 1799లో పోయాడు. తర్వాతవాళ్ళకి మందు గుర్తుంది, జాగ్రత్త గుర్తులేదు. క్షయకి, జ్వరాలకి, పిచ్చికి, దేనికి పడితే దానికి ఇచ్చారు. నీళ్ళలా పోసి మనుషుల్ని చంపి, మొక్కది తప్పన్నారు. వంద సంవత్సరాలపైన గడిచాక జేమ్స్ మెకెన్జీ అనే బ్రిటిష్ వైద్యుడు, లయ తప్పి పరిగెత్తే గుండెకి ఇది పగ్గం వేస్తుందని మళ్ళీ నిలబెట్టాడు. ఆకు బలం కొలవటానికి కప్పలమీద, పిల్లులమీద వేసి చూసేవారు. పిల్లి యూనిట్లని ఒక కొలతే ఉండేది పాపం. 1868 ప్రాంతంలో ఫ్రాన్సులో నాటివెల్ ఆకులోని సారాన్ని స్ఫటికాలుగా తీశాడు. 1930లో సిడ్నీ స్మిత్ అనే ఆయన, బరోస్ వెల్‌కమ్ కంపెనీలో పనిచేస్తూ, ఊలు ఆకుల ఫాక్స్‌గ్లవ్ అనే చుట్టపు మొక్కనించి డిగాక్సిన్ విడదీశాడు. మా అత్తగారి డబ్బాలోకి వచ్చింది అదే. ఒక మాత్రలో పావు మిల్లీగ్రాము. అంటే గ్రాములో నాలుగువేలో వంతు.

నాడిని గడియారంతో లెక్కపెట్టటం కూడా అంత పాతదేమీ కాదు. మన ఆయుర్వేద వైద్యులు నాడి ఎలా నడుస్తోందో చూసేవారు, పాములా, కప్పలా, హంసలా అని. ఎన్నిసార్లు అని కాదు. ఇంగ్లండులో జాన్ ఫ్లాయర్ అనే వైద్యుడు సరిగ్గా ఒక నిమిషం నడిచే గడియారం చేయించుకుని నాడి లెక్కపెట్టి, 1707లో దానిమీద పుస్తకం వేశాడు. నర్సులు జాకెట్టుకి తలకిందులుగా తగిలించుకునే గడియారం ఉందే, దానికి ఆ గడియారం ముత్తాత అనుకోవచ్చు.

ఈ నాడి దగ్గర మన హైదరాబాదుకీ ఒక కథ ఉంది. క్లోరోఫాం ఇచ్చేటప్పుడు కొందరు రోగులు హఠాత్తుగా పోయేవారు. నాడి పట్టుకుని కూర్చోవటం దండగ, ఊపిరి సరిగ్గా ఉందో లేదో కనిపెడితే చాలు, క్లోరోఫాం గుండెని ఏమీ చెయ్యదు అని వాదించినవాడు ఎడ్వర్డ్ లారీ. హైదరాబాదు వైద్య పాఠశాలకి అధిపతి. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ డబ్బిచ్చి 1888లో ఒకటి, 1889లో ఒకటి, రెండు కమిషన్లు నడిపించాడు. రెండోదానికి లండన్ పత్రిక లాన్సెట్ తరఫున లాడర్ బ్రంటన్ అనే పెద్దాయన్ని రప్పించటానికి వెయ్యి పౌన్లు ఇచ్చాడు. వందలకొద్దీ కుక్కలమీద, కోతులమీద పరీక్షలు చేసి లారీగారి మాటే నిజమన్నారు. అదే 1889లో ఆ పాఠశాల నుంచి పట్టా తీసుకున్న రూపాబాయి ఫర్దూన్జీ ప్రపంచంలో మత్తు ఇవ్వటం వృత్తిగా తీసుకున్న తొలి మహిళల్లో ఒకరు. కానీ 1911లో గుడ్‌మన్ లెవీ అనే ఆయన, క్లోరోఫాం తక్కువ మోతాదులో కూడా గుండెని ఉన్నట్టుండి గతి తప్పించి ఆపగలదని చూపించాడు. ఊపిరీ చూడాలి, నాడీ చూడాలి. ఏదో ఒకటి చూస్తే చాలన్న ధీమాకి అన్ని కుక్కలు బలయ్యాయి. నాకు ధీమా కలిగించటానికి ఒక పప్పుగిన్నె సరిపోయింది లెండి.

ఇంతకీ శని ఆదివారాల సెలవేమిటని మా పిల్లని అడిగాను. అది వంటిల్లు చూపించి చెప్పింది. "అడుగున చిన్న చిల్లున్న గంగాళం అనుకో పిన్నీ. రోజూ ఒక చెంబు నీళ్ళు పోస్తున్నావు. జ్వరానికి వేసే పారాసెటమాల్‌కి చిల్లు పెద్దది, రెండు మూడు గంటల్లో సగం పోతుంది. డిగాక్సిన్‌కి చిల్లు చిన్నది. మూత్రపిండాలు బాగున్నవాళ్ళకే సగం పోవటానికి ఒకటిన్నర నుంచి రెండు రోజులు పడుతుంది. అంతలో నువ్వు ఇంకో చెంబు పోస్తావు. అలా వారంరోజులకి నీళ్ళు ఒక మట్టానికి వచ్చి నిలబడతాయి. మామ్మగారి వయసుకి చిల్లు ఇంకా పూడుకుపోతుంది. మీరిద్దరూ చెరొక చెంబూ పోశారు."

మిల్లీలీటరు రక్తంలో ఒక నానోగ్రాముకి అటూ ఇటూ ఉంటే మందు. రెండు దాటితే ప్రమాదం లెక్కలోకి వస్తుంది. నానోగ్రామంటే గ్రాములో నూరుకోట్లో వంతు. ఆస్పత్రిలో చూసినప్పుడు అత్తగారికి మూడు దాటింది. పైగా ఆవిడ నీరు పోవటానికి వేసుకునే మాత్ర పొటాషియాన్ని కూడా ఒంట్లోంచి తోడేస్తుందట. పొటాషియం తగ్గితే డిగాక్సిన్ కాటు ఇంకా గట్టిగా ఉంటుందట. సెలవుల మాటకొస్తే, వారం మొత్తంమీద మందు తగ్గించటమే అందులో కిటుకు తప్ప శనివారానికీ ఆదివారానికీ ప్రత్యేకమైన మహత్యం లేదు. ఇప్పుడు చాలామంది డాక్టర్లు సెలవులకి బదులు రోజూ సగం మాత్రే ఇస్తున్నారు. మా డాక్టరుగారూ అత్తగారికి అలాగే మార్చారు. బ్యాంకు ఉద్యోగం పోయి సగంజీతం ఉద్యోగం వచ్చింది.

రోజువారీ మాత్రకీ వారపు మాత్రకీ తికమక పడటం మా ఇంట్లోనే జరిగిన వింత కాదు. మీలో కీళ్ళవాతం ఉన్నవాళ్ళకి మెథోట్రెక్సేట్ తెలిసే ఉంటుంది. భీమవరంలో 1895లో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ కంపెనీ పరిశోధనశాలని నడిపించిన రోజుల్లో అక్కడ తయారైన మందు. దాని తోబుట్టువు అమినాప్టెరిన్‌ని బోస్టన్లో సిడ్నీ ఫార్బర్ రక్తకాన్సర్ ఉన్న పసిపిల్లలకి ఇచ్చి, జబ్బు వెనకడుగు వెయ్యటం చూసి 1948లో లోకానికి చెప్పాడు. ఆ ఏడాదే సుబ్బారావుగారు యాభై మూడేళ్ళకే వెళ్ళిపోయారు. మెథోట్రెక్సేట్‌ని కీళ్ళవాతానికి వాడటానికి అమెరికాలో 1988లో అనుమతి వచ్చింది. కాన్సర్‌కి ఇచ్చే దానికంటే చాలా తక్కువ మోతాదు, వారానికి ఒక్కసారే. దాన్ని పొరపాటున రోజూ వేసుకుని ప్రాణంమీదికి తెచ్చుకున్నవాళ్ళు అన్ని దేశాల్లోనూ ఉన్నారు, పోయినవాళ్ళూ ఉన్నారు. దాని తాపం తగ్గించటానికి పక్కన ఫోలిక్ ఆసిడ్ ఇస్తారు. దాన్ని ప్రయోగశాలలో తయారుచేసిందీ సుబ్బారావుగారి బృందమే. మీ ఇంట్లో ఎవరికైనా ఆ మాత్ర ఉంటే అట్టమీద వారం పేరు రాయించండి. బుధవారమైతే బుధవారం అని, తెలుగులో, పెద్ద అక్షరాలతో.

మా పిల్లకి మొదటి సంవత్సరంలోనే అయిదు 'సరైనవి' నేర్పుతారు. సరైన మనిషి, సరైన మందు, సరైన మోతాదు, సరైన దారి, సరైన వేళ. మంచంమీద ఉన్నావిడని "మీరు సీతమ్మగారేనా?" అని అడగకూడదట. నిద్రలో, చెవుడులో, భయంలో ఎవరైనా ఊ అంటారు. "మీ పేరేమిటండీ?" అని అడిగి చెప్పించుకోవాలి. చుక్కల దగ్గర కూడా ఎంత పట్టింపో! పావు మిల్లీగ్రాము రాయాలంటే చుక్కకి ముందు సున్న పెట్టితీరాలి. లేకపోతే చుక్క కనపడక ఇరవై అయిదని చదువుకుంటారు. ఒకటి రాయాలంటే వెనక చుక్కా సున్నా పెట్టకూడదు, పది అయిపోతుంది. చీటీమీద బి.డి. అంటే లాటిన్‌లో రోజుకి రెండుసార్లు. టి.డి.ఎస్. అంటే మూడుసార్లు. ఎస్.ఓ.ఎస్. అంటే అవసరమైతేనే. నేను ఇన్నాళ్ళూ ఓడ మునిగిపోతుంటే పంపే కబురేమో, అంత ప్రమాదమైతే వేసుకోమంటున్నారేమో అనుకునేదాన్ని.

అయిదుకి తోడు ఇంకో రెండు ఉన్నాయంది. ఒకటి, ఇచ్చిన వెంటనే రాసిపెట్టటం. ఇవ్వకముందు కాదు, సాయంత్రం గుర్తుచేసుకునీ కాదు. రెండోది చెప్పేటప్పుడు నా వైపు చూడకుండా పుస్తకంలోకి చూస్తూ చెప్పింది. రోగి 'ఇది ఇందాకే వేశారే' అన్నా, 'ఇది ఎప్పుడూ వేసుకునేది కాదే' అన్నా, చెయ్యి అక్కడే ఆపెయ్యాలి. మళ్ళీ చీటీ చూడాలి.

పిల్ల పరీక్ష పాసయింది. క్యాలెండరులో పాలలెక్క పక్కన ఇప్పుడు ఎర్రసిరాతో ఇంకో వరస వచ్చింది. మాత్ర వేసినవాళ్ళు అప్పటికప్పుడు తమ పొడిఅక్షరం వెయ్యాలి. మావారు మొదటి రెండురోజులూ ఆఫీసు సంతకంలాగా పూర్తి సంతకం చేశారు. నా పక్కగడిలోకి పోయింది. పొడిఅక్షరం చాలని బతిమాలుకున్నాను.

మొన్న మధ్యాహ్నం అత్తగారికి ఈ కథంతా చెప్పాను. కళ్ళు మూసుకుని వింటున్నారు. నిద్రపోయారేమో అనుకుంటే, "ఆ ముసలావిడ పేరేమిటన్నావ్?" అన్నారు.

"తెలీదండీ. ఆ డాక్టరు రాయలేదు."

"నూటయాభై మంది రోగుల సంగతులు రాశాడన్నావుగా?"

"రాశాడండీ."

ఆవిడ గోడవైపు ఒత్తిగిల్లి దుప్పటి లాక్కున్నారు.

"అడిగితే చెప్పేదేగా!"